కెమెరాకు ఏ కన్ను పెట్టాలి: గురికన్నును గుర్తించే పద్ధతి, దానికి తగినట్లు పనిని సర్దుకునే పద్ధతి

చిత్రిక పట్టిన చెక్క తిన్నగా వచ్చిందో లేదో చూడడానికి వడ్రంగి దాన్ని ముఖం దగ్గరకు ఎత్తి, ఒక కన్ను మూసి, రెండో కంటితో అంచు పొడవునా చూస్తాడు. ఏ కన్ను మూయాలో అతనికి ఎవరూ నేర్పలేదు. ఉండేలు లాగి మామిడికాయకు గురిపెట్టే పిల్లవాడికీ, గోళీకాయను వేలికి ఆనించి గురిచూసే పిల్లవాడికీ కూడా ఎవరూ నేర్పరు. రెండు కళ్ల నుంచి వచ్చే బొమ్మలను మెదడు కలిపి ఒకటిగానే చూపిస్తుంది గానీ, ఒక వస్తువు సరిగ్గా ఏ దిశలో ఉందో తేల్చవలసి వచ్చినప్పుడు ఎక్కువ మందిలో అది ఒక కంటి మాటకే విలువ ఇస్తుంది. ఆ కంటిని వైద్యులు డామినెంట్ ఐ అంటారు. గురిచూసేటప్పుడు తెలియకుండానే తెరిచి ఉంచే కన్ను కాబట్టి, ఈ వ్యాసంలో దాన్ని గురికన్ను అని పిలుస్తాను.

స్థూలంగా చెప్పాలంటే ముగ్గురిలో ఇద్దరికి గురికన్ను కుడిది. మిగిలినవారిలో ఎక్కువ మందికి ఎడమది, కొద్దిమందికి ఏ కన్నూ స్పష్టంగా పైచేయిగా ఉండదు. చేతివాటానికీ దీనికీ సంబంధం చాలా బలహీనమైనది. కుడిచేతిని మెదడులోని ఎడమ సగం నడిపిస్తుంది గానీ, కంటి విషయంలో అలాంటి పంపకం లేదు. ఒక్కొక్క కంటి నుంచి బయలుదేరే నరాల పోగుల్లో సుమారు సగం అదే వైపుకూ, సుమారు సగం ఎదుటి వైపుకూ వెళ్తాయి. అందువల్ల కుడిచేతితో రాసే వ్యక్తికి గురికన్ను ఎడమది కావడం లోపమూ కాదు, అరుదూ కాదు. అలాగే గురికన్ను అంటే చూపు బాగా ఉన్న కన్ను అని కూడా అర్థం కాదు. కళ్లజోడు పవరు ఎక్కువగా ఉన్న కన్నే గురికన్ను అయినవారు ఎందరో ఉన్నారు.

నాది కుడిచేతివాటం, నా గురికన్ను ఎడమది. నేను పని నేర్చుకున్న స్టూడియోలో కెమెరాకు కుడి కన్నే పెట్టాలన్న నియమం ఉండేది, దాన్ని ఎవరూ ప్రశ్నించేవారు కాదు. మూడేళ్లపాటు పెళ్లిళ్లలో అలాగే ఫోటోలు తీశాను. బొమ్మ స్పష్టంగానే కనిపించేది, కానీ కెమెరా ఎత్తిన ప్రతిసారీ మనిషి ఎక్కడున్నాడో వ్యూఫైండరులో, అంటే కన్ను ఆనించి చూసే చిన్న కిటికీలో, వెతుక్కోవలసి వచ్చేది. దొరికేలోపు ఆ ముఖంలోని నవ్వు అయిపోయేది. ఎడమ కంటికి మార్చుకున్న తరువాత, ఎత్తిన కెమెరా నేరుగా అనుకున్న చోటికే వెళ్లడం మొదలైంది. అందుకే ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిది: కెమెరా కోసం కంటిని మార్చుకోవద్దు. కెమెరాను పట్టుకునే తీరును, దాని సెట్టింగులను, మనం నిలబడే చోటును కంటికి తగినట్లు మార్చుకోవాలి.

గురికన్నును గుర్తించడం

సుమారు మూడు మీటర్ల దూరంలో గోడ గడియారం వంటి ఒక వస్తువును ఎంచుకుని, దానికి సరిగ్గా ఎదురుగా నిలబడండి. రెండు చేతులనూ ముందుకు పూర్తిగా చాచి, ఒక అరచేతిని రెండో దాని మీద కొంచెం ఎక్కించి, బొటనవేళ్లకూ చూపుడువేళ్లకూ మధ్య రూపాయి బిళ్లంత సందు మిగిలేలా పట్టుకోండి. రెండు కళ్లూ తెరిచే ఉంచి ఆ సందులోంచి గడియారాన్ని చూడండి. ఇప్పుడు చేతులు కదపకుండా ఎడమ కన్ను మూయండి. గడియారం ఇంకా కనిపిస్తూ ఉంటే మీ గురికన్ను కుడిది. చేతుల వెనుక మాయమైతే ఎడమది. ఒక కన్ను మాత్రమే మూయడం చాలామందికి చేతకాదు, పిల్లలకైతే మరీ కష్టం. అటువంటివారు చూపును గడియారం మీదనే నిలిపి, చేతులను మెల్లగా ముఖం మీదకు తెచ్చుకుంటే చాలు. ఆ సందు దానంతట అదే ఒక కంటి ముందుకు వచ్చి ఆగుతుంది.

రెండో పద్ధతి ఇంకా పాతది. ఇటలీకి చెందిన జాంబత్తిస్తా డెల్లా పోర్తా 1593 నాటికే దీన్ని వర్ణించాడు. చేయి చాచి, రెండు కళ్లతో చూస్తూ, బొటనవేలిని దూరంగా ఉన్న దీపస్తంభం మీదకు తీసుకురావాలి. తరువాత ఒక్కొక్క కన్నూ మూసి చూడాలి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వేలు స్తంభం మీదనే నిలిచిందో అది గురికన్ను. రెండో కంటితో చూసినప్పుడు వేలు పక్కకు దూకినట్లు కనిపిస్తుంది. పెద్దవారిలో రెండు కంటిపాపల మధ్య దూరం సుమారు 63 మిల్లీమీటర్లు. ఆ దూకుడుకు ఈ దూరమే కారణం.

ఒక్కసారి చేసి నిర్ణయానికి రావద్దు. ఐదారుసార్లు, వేర్వేరు దూరాలకు, రోజూ పెట్టుకునే కళ్లజోడుతోనే చేయాలి. వస్తువు బాగా పక్కకు ఉంటే ఆ వైపు కన్ను ముందుకు వచ్చి ఫలితం మారవచ్చు కాబట్టి, వస్తువు ఎదురుగానే ఉండాలి. ఎన్నిసార్లు చేసినా ఫలితం అటూ ఇటూ ఊగుతూ ఉంటే మీది ఏ పక్కా గట్టిగా మొగ్గని చూపు అనుకోవచ్చు. మీకు ఏ కన్ను హాయిగా ఉంటే దాన్నే కెమెరాకు వాడుకోవచ్చు, కెమెరాల తయారీని బట్టి చూస్తే కుడి కన్ను కొంత సులువు.

ఎడమ కంటితో కెమెరా

దాదాపు అన్ని కెమెరాలలోనూ షట్టరు బటను కుడిచేతి కింద ఉంటుంది. కుడి కన్ను పెట్టేవారికి ముక్కు కెమెరా ఎడమ అంచు వైపుకు జరుగుతుంది, ఎడమ కన్ను దాదాపు ఖాళీగా ఉండి చుట్టుపక్కల ఏం జరుగుతోందో చూస్తూ ఉంటుంది. ఎడమ కన్ను పెట్టేవారికి ముక్కు వెనుక తెరకు ఆనుతుంది, కుడి కన్ను కెమెరా వెనుక దాక్కుంటుంది, కుడి బొటనవేలు చెంపకు తగులుతుంది. పాత ఫిల్ము కెమెరాలలో రీలు జరిపే మీట ప్రతి ఫోటోకూ కుడి కంటి దగ్గరకు పొడుచుకు వచ్చేది కాబట్టి, ఎడమ కంటివారు ప్రతిసారీ కెమెరాను ముఖం నుంచి దించవలసి వచ్చేది.

ఇప్పటి కెమెరాలలో మొదట చూసుకోవలసింది తాకే తెర. వ్యూఫైండరులో చూస్తూ తెర మీద వేలు జరిపి ఫోకస్ బిందువును మార్చుకునే సౌకర్యం చాలా కెమెరాలలో ఉంది. ఎడమ కంటివారికి వేలికి బదులు ముక్కు ఆ పని చేసేస్తుంది. పెళ్లికూతురి కంటి మీద పెట్టిన ఫోకస్ మరుక్షణంలో మండపం స్తంభం మీదకు పోతుంది. మెనూలో టచ్ విభాగంలోకి వెళ్లి, వ్యూఫైండరు వాడుతున్నప్పుడు తాకిడిని పూర్తిగా ఆపేయండి, లేదా తెరలో ముక్కు తగలని భాగం మాత్రమే పనిచేసేలా పెట్టుకోండి. ఫోకస్ బిందువును మార్చడానికి వెనుక ఉండే చిన్న జాయ్‌స్టిక్ వాడడం మరింత నమ్మకమైన మార్గం.

కెమెరా కొనేటప్పుడు వ్యూఫైండరు ఎక్కడుందో చూడాలి. లెన్సుకు సరిగ్గా పైన, మధ్యలో గూడులాగా ఉబ్బి ఉండే కెమెరాలు రెండు కళ్లకూ అనుకూలమే. లైకా ఎం శ్రేణిలో, సోనీ 6000 శ్రేణి కెమెరాలలో వ్యూఫైండరు ఎడమ పై మూలలో ఉంటుంది. కుడి కంటివారికి అది గొప్ప సుఖం, ఎందుకంటే ముక్కు కెమెరా పక్కకు వచ్చేస్తుంది, ఎడమ కన్ను పూర్తిగా ఖాళీ అవుతుంది. ఎడమ కంటివారికి మాత్రం కెమెరా మొత్తం ముఖానికి అడ్డం వస్తుంది. దుకాణంలో ఐదు నిమిషాలు ముఖానికి పెట్టి చూడకుండా అటువంటి దాన్ని కొనవద్దు.

నిలువు ఫోటోల దగ్గర ఎడమ కంటివారికి ఒక మంచి మార్గం ఉంది, దాన్ని ఎవరైనా నాకు మొదటి ఏడాదిలోనే చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. సాధారణంగా అందరూ షట్టరు బటను పైకి వచ్చేలా కెమెరాను తిప్పుతారు. అలా తిప్పితే కెమెరా దేహం వ్యూఫైండరుకు కుడివైపున ఉంటుంది. కుడి కంటివారికి అది ముఖానికి బయట ఉంటుంది గానీ, ఎడమ కంటివారికి ముక్కునూ కుడి కంటినీ కప్పేస్తుంది. అందుకు బదులు షట్టరు బటను కిందికి వచ్చేలా, అంటే కుడిచేయి అడుగున ఉండేలా తిప్పండి. ఇప్పుడు దేహం ఎడమవైపుకు వెళ్తుంది, ముక్కుకు ఊపిరాడుతుంది, కుడి కన్ను ఖాళీ అవుతుంది. కుడి మోచేయి ఛాతీకి ఆనడం వల్ల కెమెరా వణకడం కూడా తగ్గుతుంది. చేతికి అలవాటు కావడానికి కొన్ని రోజులు పడుతుంది, అంతే.

ఇది ఎంత తేడా చేస్తుందో జీలకర్ర బెల్లం వేళ తెలుస్తుంది. వధూవరుల మధ్య తెర ఉంటుంది. సన్నాయి జోరందుకుంటుంది, పురోహితుడు వాచీ చూసుకుని తల ఊపుతాడు, ఇద్దరి చేతులూ ఒకేసారి లేస్తాయి, తెర జారుతుంది, ఒకరినొకరు చూసుకునే ఆ చూపు రెండు మూడు సెకన్లకు మించి ఉండదు. పురోహితుడు మీకు కుడివైపున కూర్చుని ఉండి, మీరు ఎడమ కన్ను పెట్టి ఉంటే, ఆ తల ఊపు మీకు కనిపించదు. అందుకని ఎడమ కంటివారు మండపంలో తమ చోటును ముందే ఎంచుకోవాలి: సైగ చేసే మనిషి తమకు ఎడమవైపునో, ఫ్రేములోనో ఉండేలా నిలబడాలి. అది వీలుకాకపోతే కెమెరాను గడ్డం దగ్గరే పట్టుకుని రెండు కళ్లతో చూస్తూ ఉండి, చేతులు లేచినప్పుడు కంటికి పెట్టుకోవాలి. గురికన్నుకే పెడుతున్నారు కాబట్టి వెతుకులాట ఉండదు.

రెండో కన్ను మూయాలా, తెరిచి ఉంచాలా అని చాలామంది అడుగుతారు. అలవాటు చేసుకోగలిగితే తెరిచి ఉంచడమే మేలు. ఒక కన్ను గంటల తరబడి బలవంతంగా మూసి ఉంచితే ముఖ కండరాలు అలసిపోతాయి, తెరిచి ఉన్న కన్ను కూడా చికిలించుకుంటుంది. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ వంటి పోటీలలో షూటర్లు రెండో కన్ను మూయకుండా, దాని ముందు ఒక చిన్న పలక అడ్డం పెట్టుకోవడానికి కారణం ఇదే. కెమెరా పట్టేవారు కూడా మొదట రెండో కన్నును సగం వాల్చి, తరువాత క్రమంగా తెరుస్తూ అలవాటు చేసుకోవచ్చు. ఏ కన్నూ విడిగా మూయలేనివారికి వ్యూఫైండరు చుట్టూ పెద్ద రబ్బరు తొడుగు వేసుకోవడం, లేదా వెనుక తెరలోనే చూసి తీయడం సరైన దారి.

ఈ కుడి ఎడమల చిక్కు చిన్న కెమెరాలతో వచ్చినదే. నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ కాలంలో పెద్ద గాజుపలకల కెమెరా వెనుక నల్లగుడ్డ కప్పుకుని, మసక అద్దం మీద తలకిందులుగా పడే బొమ్మను రెండు కళ్లతోనూ చూసేవారు. తరువాతి రోజుల యాషికా జంట లెన్సుల కెమెరాలలోకి పైనుంచి వంగి చూసేవారు; అక్కడ బొమ్మ నిటారుగానే ఉండేది గానీ కుడి ఎడమలు తారుమారయ్యేవి. సెల్‌ఫోను మళ్లీ మనల్ని రెండు కళ్ల చూపుకే తెచ్చింది.

కళ్లజోడు, చత్వారం, వ్యూఫైండరు చక్రం

వ్యూఫైండరు పక్కన కూడిక, తీసివేత గుర్తులతో ఒక చిన్న చక్రం ఉంటుంది. అది బొమ్మను మీ చూపుకు తగినట్లు సర్దే డయాప్టర్ చక్రం. దాన్ని ఎన్నడూ తాకని ఫోటోగ్రాఫర్లు నాకు చాలామంది తెలుసు, వారిలో కొందరు తమ లెన్సు పాడైందని మరమ్మతుకు కూడా ఇచ్చారు. సర్దే విధానం ఇది. కెమెరాను ఖాళీ గోడ వైపుకో ఆకాశం వైపుకో తిప్పి, ఎదురుగా ఉన్న దృశ్యాన్ని కాకుండా వ్యూఫైండరు లోపల కనిపించే అంకెలను చూడండి. చక్రాన్ని ఒక వైపుకు అంకెలు మసకబారేదాకా తిప్పి, వెనక్కి తెస్తూ అవి బాగా పదునుగా కనిపించిన చోట ఆపండి. ఎండలోకి సూటిగా చూడవద్దు. ఫోటోలు తీసేటప్పుడు కళ్లజోడు పెట్టుకునేవారు దాన్ని పెట్టుకునే ఈ పని చేయాలి. ఒకే కెమెరాను ఇద్దరు ముగ్గురు వాడే చోట చక్రం మీద గోళ్ల రంగుతో చిన్న చుక్క పెట్టుకుంటే, ఎవరు కదిపినా తిరిగి తెచ్చుకోవచ్చు.

ఈ చక్రానికి ఒక హద్దు ఉంది. అది హ్రస్వదృష్టినీ దూరదృష్టినీ కొంతవరకు సర్దగలదు; చాలా కెమెరాలలో ఆ పరిధి మైనస్ 4 నుంచి ప్లస్ 2 వరకో, అంతకంటే కొంచెం తక్కువో ఉంటుంది. కళ్లజోడు చీటీలో సిలిండర్ అని రాసి ఉంటే, అంటే ఆస్టిగ్మాటిజం ఉంటే, దాన్ని ఈ చక్రం సర్దలేదు. రాత్రి బండి నడిపేటప్పుడు ఎదుటి లైట్లు గీతలు గీతలుగా సాగినట్లు కనిపించడం ఆస్టిగ్మాటిజం ఉన్నవారికి మామూలే. సిలిండర్ గణనీయంగా ఉన్నవారు కళ్లజోడు తీయకుండానే ఫోటోలు తీయాలి. అటువంటివారు కెమెరా వివరాలలో ఐపాయింట్ అనే అంకెను చూడాలి. కన్ను వ్యూఫైండరు అద్దానికి ఎంత దూరంలో ఉన్నా మొత్తం ఫ్రేము కనిపిస్తుందో అది మిల్లీమీటర్లలో చెబుతుంది. 20 మిల్లీమీటర్లకు పైగా ఉంటే కళ్లజోడుతో మూలలు కూడా సుఖంగా కనిపిస్తాయి.

నలభై దాటాక వచ్చే చత్వారం ఫోటోగ్రాఫర్‌ను ఒక ప్రత్యేకమైన పద్ధతిలో ఇబ్బంది పెడుతుంది. దూరం బాగానే కనిపిస్తుంది, కెమెరా వెనుక తెర మాత్రం మసక. వ్యూఫైండరులోని బొమ్మ మాత్రం సాధారణంగా ఒక మీటరు దూరంలో ఉన్నట్లు కంటికి అందుతుంది. అందువల్ల ఎలక్ట్రానిక్ వ్యూఫైండరు ఉన్న కెమెరాలలో, తీసిన ఫోటోలను సరిచూసుకోవడం, మెనూ చదవడం కూడా వ్యూఫైండరులోనే చేసుకుంటే, పదే పదే చదువు అద్దాలు పెట్టుకుని తీయవలసిన అవసరం ఉండదు. ఎండలో తెర కనిపించకపోవడమనే బాధ కూడా దానితోనే తీరుతుంది. పోలరాయిడ్ చలువ అద్దాలు పెట్టుకున్నవారికి కెమెరాను నిలువుగా తిప్పినప్పుడు తెర నల్లబడినట్లు కనిపిస్తే అది కెమెరా లోపం కాదు. ఆ అద్దాలకూ తెర కాంతికీ మధ్య కోణం మారడం వల్ల అలా జరుగుతుంది.

ఒంటి కంటి చూపు

కెమెరాకు ఒక్క కన్నే ఉంది. మనం రెండు కళ్లతో చూసినప్పుడు వెనుక ఉన్న కొబ్బరిచెట్టు, ముందున్న మనిషి వేర్వేరు దూరాలలో విడివిడిగా కనిపిస్తారు. కెమెరాలో మాత్రం ఆ చెట్టు మనిషి తలలోంచి మొలిచినట్లు పడుతుంది. కెమెరా ఎత్తకముందే గురికన్ను ఒక్కటే తెరిచి దృశ్యాన్ని చూడండి, ఆ తరువాత అర అడుగు ఎడమకూ కుడికీ జరిగి చూడండి. ఏ గీత ఏ ముఖాన్ని కోస్తోందో అప్పుడు తెలుస్తుంది. సెల్‌ఫోనుతో తీసేవారికి కూడా ఇది అంతే పనికివస్తుంది.

ఒక కంటి చూపు తక్కువైనవారికి లోతు తెలియదన్న మాట సగమే నిజం. దగ్గర వస్తువుల దూరాన్ని రెండు కళ్లు కలిసి బాగా చెబుతాయి, కానీ ఒక వస్తువు మరోదాన్ని కప్పడం, దూరమయ్యేకొద్దీ చిన్నదిగా కనిపించడం, నీడ పడే తీరు, తల కదిపినప్పుడు దగ్గరి వస్తువులు ఎక్కువగా జరగడం వంటి ఆధారాలు ఒంటి కంటికీ అందుతాయి. మన్సూర్ అలీఖాన్ పటౌడీ 1961లో ఇంగ్లండ్‌లోని హోవ్‌లో జరిగిన కారు ప్రమాదంలో కుడి కంటి చూపును దాదాపు కోల్పోయారు. కొన్ని నెలలకే హైదరాబాద్‌లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. క్రికెట్ జట్టు మీద ఆడుతూ, ఆ కంటికి కాంటాక్ట్ లెన్సు పెట్టుకుంటే ఆరేడు అంగుళాల ఎడంతో రెండు బంతులు కనిపించాయి. వాటిలో లోపలి బంతిని ఎంచుకుని కొట్టారు. తరువాత లెన్సు తీసేసి, ఆ కన్ను మూసుకుని ఆడి 70 పరుగులు చేశారు. మరుసటి ఏడాది 21 ఏళ్ల వయసులో భారత జట్టుకు కెప్టెన్ అయ్యారు, తరువాతి కాలంలో రంజీ పోటీల్లో హైదరాబాద్‌కు ఆడారు. ఇంటిపనిలో ఇదే సర్దుబాటు చిన్న రూపంలో కావాలి. ఒంటి కంటి చూపువారు టీ పోసేటప్పుడు గిన్నె అంచును గ్లాసు అంచుకు ఆనించి పోయాలి. సూదిలో దారం ఎక్కించేటప్పుడు వెనుక తెల్ల కాగితం పెట్టుకుని, దారాన్ని కాకుండా సూదిని దారం మీదకు తీసుకురావాలి. రోడ్డు దాటేటప్పుడు తలను కొంచెం ఎక్కువ తిప్పాలి.

రెండు కళ్లూ ఉండి, ఒకటి మసకగా ఉన్నప్పుడు వచ్చే చిక్కు వేరు. దాన్ని ఇంట్లోనే చూడవచ్చు. మీటరు పొడవు దారానికి తాళంచెవి కట్టి, మీ ముందు ఎడమ నుంచి కుడికి తిన్నగా ఊగేలా ఎవరినైనా పట్టుకోమనండి. రెండు మీటర్ల దూరంలో నిలబడి, ఒక కంటి ముందు మాత్రమే నల్ల చలువ అద్దం పట్టుకుని, రెండు కళ్లూ తెరిచి చూడండి. తిన్నగా ఊగుతున్న తాళంచెవి మీ వైపుకు వచ్చి, దూరంగా వెళ్లి, కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతున్నట్లు కనిపిస్తుంది. వెలుతురు తగ్గిన కంటి నుంచి సమాచారం మెదడుకు లేశమంత ఆలస్యంగా చేరడమే ఇందుకు కారణం. 1922లో దీన్ని వివరించిన జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ పుల్ఫ్రిచ్‌కు అప్పటికే ఒక కంటి చూపు లేదు కాబట్టి, ఆయన ఆ దృశ్యాన్ని స్వయంగా చూడలేకపోయాడు. ఒక కంటిలోనే శుక్లం ముదిరినవారికి అడ్డంగా వెళ్లే బండి ఎంత దూరంలో ఉందో తప్పుగా తోచడానికి ఇదొక కారణం. మన ఇళ్లలో పెద్దవారు ఒక కంటికి శస్త్రచికిత్స చేయించుకుని రెండో దాన్ని ఏళ్లపాటు వాయిదా వేస్తూ ఉంటారు. రోడ్డు దాటడంలో వారు తడబడుతుంటే భయమనుకోకుండా రెండో కన్ను సంగతి వైద్యుడిని అడగాలి.

రంగు, చీకటి

ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా తెలియని చూపు పుట్టుకతో వచ్చేదే, మగవారిలో ఎక్కువ. యూరప్ సంతతి మగవారిలో అది దాదాపు 8 శాతం, ఆడవారిలో అర శాతం. దీన్ని 1794లో తన సొంత చూపు ఆధారంగా వర్ణించిన జాన్ డాల్టన్ పెద్ద శాస్త్రవేత్త. 1917లో జపాన్ వైద్యుడు షినోబు ఇషిహారా తయారుచేసిన చుక్కల పలకలను కంటి ఆసుపత్రులలో నేటికీ వాడుతున్నారు. ఈ చూపు ఉన్నవారు ఫోకస్ పీకింగ్ రంగును, అంటే ఫోకస్‌లో ఉన్న అంచుల మీద కెమెరా చూపించే గీతల రంగును, ఎరుపు నుంచి నీలానికో తెలుపుకో మార్చుకోవాలి, లేకపోతే పచ్చని ఆకుల మీద ఎర్ర గీతలు కనిపించవు. ఫోటోలను దిద్దేటప్పుడు కంటిని కాకుండా అంకెలను నమ్మాలి: ఫ్రేములో ఉన్న తెల్లని పంచె మీద డ్రాపర్ (రంగు అంకెలను చూపే పనిముట్టు) పెట్టి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు మూడూ దాదాపు సమానంగా ఉండేలా సర్దితే, పసుపు బట్టలు, మామిడి తోరణం, చర్మపు రంగు తమంతట తామే దారికి వస్తాయి. రంగులు బాగా తెలిసేవారు కూడా ఒకసారి తెల్ల గోడను ఒక్కొక్క కంటితో విడిగా చూడండి. ఒక కంటికి గోడ కాస్త పసుపుగా, రెండో కంటికి కాస్త నీలంగా కనిపించడం చాలామందిలో ఉంటుంది; శుక్లం మొదలైన కంటిలో ఆ పసుపు బాగా పెరుగుతుంది.

చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి తెర చూస్తే ఆ అలవాటు చెదిరిపోతుంది. నక్షత్రాల ఫోటోలు తీసేవారు తెర వెలుతురును తగ్గించి, వ్యూఫైండరుకు గురికన్నునే పెట్టి, రెండో కంటిని ఆ సమయంలో మూసి ఉంచితే, దారి చూసుకోవడానికి ఒక కన్ను మిగులుతుంది. మసక నక్షత్రాన్ని సూటిగా కాకుండా కొంచెం పక్కకు చూడాలి, ఎందుకంటే చూపు మధ్యబిందువులో చీకటిలో పనిచేసే కణాలు ఉండవు. దీపావళి రాత్రి తెర మీద బాగా వెలుగుగా కనిపించిన ఫోటో మర్నాడు నల్లగా ఉండడానికి కారణం, చీకటికి అలవాటు పడిన కంటికి తెర ఎక్కువ వెలుగుగా తోచడమే. రాత్రిపూట వెలుతురును హిస్టోగ్రాం, అంటే ఫోటోలోని వెలుగునీడల పంపకాన్ని చూపే పటం, చూసి తేల్చుకోవాలి.

వైద్యుడికి చెప్పవలసినవి

మెల్లకన్ను అదృష్టమన్న మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది. ఆ మాట పిల్లలకు చాలా నష్టం చేస్తుంది. మెల్ల ఉన్న కంటి నుంచి వచ్చే బొమ్మను మెదడు పక్కన పెట్టేస్తూ పోతే ఆ కంటి చూపు ఎదగదు. చిన్న వయసులో అద్దాలతోనూ, మంచి కంటికి పట్టీ వేయడంతోనూ దాన్ని చాలావరకు నిలబెట్టవచ్చు, ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గిపోతుంది. పిల్లవాడు ప్రతిదాన్నీ ఒకే కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తుంటే, లేదా ఒక కన్ను మూసినప్పుడు మాత్రమే ఏడిస్తే, అది గురికన్ను సంగతి అనుకుని ఊరుకోకుండా పిల్లల కంటి వైద్యుడికి చూపించాలి. పెద్దవారిలో, ఆకాశానికి కెమెరా పెట్టినప్పుడు వ్యూఫైండరులో కదిలే దారాలు, చుక్కలు సాధారణంగా కంటి లోపలి ద్రవంలోనివే, ప్రమాదం లేనివి. అవి ఒక్కసారిగా ఎక్కువైనా, మెరుపులు కనిపించినా, చూపుకు ఒక పక్క తెర దించినట్లు ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

నలభై దాటినవారికి లేజర్ చికిత్సలోనో శుక్లం శస్త్రచికిత్సలోనో ఒక కన్ను దూరానికీ, రెండో కన్ను దగ్గరికీ సర్దే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని మోనోవిజన్ అంటారు. సాధారణంగా గురికన్నును దూరానికి ఉంచుతారు. ఫోటోలు తీసేవారు ఆ నిర్ణయానికి ముందే తాము కెమెరాకు ఏ కన్ను పెడతారో, వెనుక తెరను ఎంత దూరంలో పట్టుకుని చూస్తారో వైద్యుడికి చెప్పాలి, వీలైతే కెమెరాను వెంట తీసుకువెళ్లి చూపించాలి. శస్త్రచికిత్సకు ముందు కొన్ని రోజులు కాంటాక్ట్ లెన్సులతో అదే అమరికను పరీక్షించి చూడడం చాలామంది విషయంలో సాధ్యమే. ఆ రోజుల్లో ఒక పెళ్లో, ఒక పక్షుల చెరువో, రాత్రిపూట ఒక బండి ప్రయాణమో చేసి చూసి, ఆ తరువాతనే సరేనని చెప్పండి.